తొమ్మిదికి కనబడని వరస

ఆ నంబరు ఇక్కడ రాయను. పన్నెండంకెలు. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పగలను, తప్పుదీ ఒప్పుదీ రెండూ. కానీ అది మా అక్కది, నాది కాదు. కువైట్‌కి పనికి వెళ్ళిన ప్రతి మనిషికీ అక్కడి ప్రభుత్వం అలాంటి నంబరొకటి ఇస్తుంది. జీతమైనా, ఆస్పత్రయినా, ఫోన్ సిమ్మయినా, చివరికి జైలైనా సరే, అన్నీ దాని మీదే. మనిషి కనబడకపోతే వెతకాల్సింది కూడా దానితోనే. మేమూ వెతికాం. మా చేతిలో ఉన్నది ఆ దేశంలో ఏ మనిషికీ ఉండడానికి వీల్లేని నంబరని నాకు తెలిసేసరికి చాలా ఆలస్యమైపోయింది.

మాది రాజోలు దగ్గర పల్లె. నాన్న కొబ్బరికాయల కొట్టులో గుమాస్తాగా చేసేవారు. ఆయనకి లెక్క సరిచూసుకునే పద్ధతి ఒకటుంది. సంఖ్యలో ఉన్న అంకెలన్నీ కూడాలి, వచ్చినదాన్ని మళ్ళీ కూడాలి, ఒక్క అంకె మిగిలేదాకా. అలా మిగిలేది, ఆ సంఖ్యని తొమ్మిదితో భాగిస్తే వచ్చే శేషమే. శేషం సున్నా అయితే తొమ్మిది మిగులుతుంది. పాత గుమాస్తాలు దీన్ని తొమ్మిదులు తీసెయ్యడం అనేవారట. హెచ్చవేతలో పొరపాటుంటే నూటికి తొంభైసార్లు దీనికి దొరికిపోతుంది. మిగిలిన పదిసార్ల సంగతి నాన్నకి ఎవరూ చెప్పలేదు. నాకు తెలుసు. నేను రాజోల్లో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. కానీ ఇంటి అలవాటుని ఎవరు తప్పు పట్టుకుంటారు?

అలవాటని చిన్నమాట అన్నాను. మా ఇంట్లో అది ఆచారం. ఫోన్లో ఎవరైనా నంబరు చెబితే, అంతా రాసుకున్నాక నాన్న “కూడితే?” అని అడుగుతారు. అవతలివాళ్ళు కూడి చెప్పాలి, ఇవతల ఆయన కూడతారు, రెండూ కలిస్తేనే ఫోను పెట్టేది. గ్యాసు కంపెనీ అమ్మాయిని కూడా ఇలాగే అడిగితే ఆ పిల్ల హడలిపోయి ఫోను పెట్టేసింది. మా వైపు స్కూటరు నంబరు మొత్తం తొమ్మిది రావాలని తాపత్రయపడేవాళ్ళకి లెక్కలేదు. నాన్నది ఆ పిచ్చి కాదు. అంకె అబద్ధం ఆడదని, మనిషే ఆడతాడని ఆయన నమ్మకం. స్కూటర్ల మీంచి పడడం మాత్రం తొమ్మిదివాళ్ళూ ఎనిమిదివాళ్ళూ సమానంగానే పడేవారు.

బావ వేరే కాపురం పెట్టుకున్నాక అక్క కువైట్‌లో ఒక ఇంట్లో వంటపనికి వెళ్ళింది. మా వీధిలో అలా వెళ్ళనివాళ్ళని లెక్కపెట్టడం తేలిక. వెళ్ళిన కొన్నాళ్ళకి ఫోన్ చేసి, కార్డు వచ్చింది రాసుకో నాన్నా అంది. నాన్న గోడకున్న కేలండరు వెనకాల రాసుకున్నారు. ఒక్కో అంకే చెప్పింది. వెనకాల ఎవరో పిల్లలు అరుస్తున్నారు.

“కూడితే?” అన్నారు నాన్న.

“ఆరు, నాన్నా.”

“ఆయ్. ఆరే వచ్చిందమ్మా. జాగ్రత్త.”

ఇద్దరూ నవ్వుకున్నారు. అక్క తిరగేసి చెప్పిందో, నాన్న తిరగేసి రాసుకున్నారో ఇప్పటికీ తెలీదు, తెలుసుకోవాలని నాకు లేదు.

ఏడాది తిరిగాక ఒక వారం అక్క ఫోన్ రాలేదు. తర్వాతి వారమూ రాలేదు. మేం చేస్తే స్విచాఫ్. పంపించిన ఏజెంటు నాలుగైదుసార్లు ‘కనుక్కుంటానండి’ అని, ఆ తర్వాత ఫోన్ తీయడం మానేశాడు. పనిచేసే ఇంటివాళ్ళ నంబరు ఎలాగో సంపాదించి, అరబ్బీ వచ్చిన మనిషి చేత మాట్లాడిస్తే, ఆవిడ వెళ్ళిపోయింది, ఎక్కడికో మాకు తెలీదు అన్నారు. అంతే, పెట్టేశారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో అన్నం ఉడికేది కానీ ఎవరూ తిన్నట్టు ఉండేది కాదు. అమ్మ ఫోను చీర కుచ్చెళ్ళ దగ్గర దోపుకుని తిరిగేది. స్నానానికి వెళితే నన్ను గుమ్మం దగ్గర ఫోను పట్టుకు నిలబడమనేది. నాన్నా నేనూ తిరగని చోటు లేదు. అమలాపురంలో ఆఫీసులకి వెళ్ళాం, గల్ఫ్ వాళ్ళకి సాయం చేసే సంఘాల వాళ్ళని పట్టుకున్నాం, కువైట్‌లో ఉన్న మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నిటిలో అక్క ఊరూ, మా ఫోన్ నంబరూ పెట్టించాం. ఎవరడిగినా మొదట అడిగేది కార్డు నంబరు. నాన్న కేలండరు చూడకుండానే అప్పజెప్పేవారు. అన్ని చోట్ల నుంచీ ఒకటే జవాబు. ఈ నంబరు మీద ఎవరూ లేరండీ.

ఎవరూ లేకపోవడమేమిటి? ఏడాదిపాటు మాతో మాట్లాడిన మనిషి, చేపల పులుసులో చింతపండు ఎంత వెయ్యాలని ఫోన్లో అమ్మతో పోట్లాడిన మనిషి, లేకపోవడమేమిటి? నాకు ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్ళు మండిపోయేది. బస్సులో ఒకావిడ నాతో మెల్లిగా, “మీ అక్క ఎవరితోనైనా వెళ్ళిపోయిందేమోనమ్మా, అక్కడ మామూలేనంట” అంది. నేను బస్సంతా వినేటట్టు తిట్టాను. దిగాక వంతెన దగ్గర నిలబడి ఏడ్చాను, ఎందుకంటే నేనూ ఆ సంగతే అనుకోవడం మొదలుపెట్టాను. అలాగైనా సరే, ఎక్కడో బతికుంటే చాలనుకునేదాన్ని. దేవుడితో బేరం ఎంత కిందకి దిగిందో చూడండి.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం కువైట్ నుంచి ఫోన్ వచ్చింది. నాన్న స్పీకరులో పెట్టారు.

“నమస్కారమండీ. మాది కొత్తపేట అండి. ఇక్కడ డ్రైవరుగా చేస్తున్నానండి. వాట్సాప్‌లో మీ అమ్మాయి గురించి చూసేనండి.”

అమ్మ వచ్చి ఫోను పక్కన కూర్చుంది. అతను నెమ్మదిగా చెప్పాడు. వాళ్ళ యజమాని తల్లిని చూడడానికి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు, ఐసీయూలో ఒకామె ఉందని కేరళ నర్సు చెప్పిందట. రోడ్డు దాటుతుంటే కారు గుద్దింది. స్పృహ లేదు. మన మనిషిలా ఉంది, ఎవరూ రాలేదు, మీ వాళ్ళెవరైనా వెతుకుతున్నారేమో కనుక్కో అందట.

“మొహం ఎలా ఉందో అడగండి,” అంది అమ్మ.

“తలంతా కట్లేనండమ్మా, మొహం వాచిపోయుందండి. ఫోటో తియ్యనివ్వరండి ఇక్కడ.”

“పేరుంటుంది కదా బాబూ?” అన్నాను నేను.

“చీటీ మీద పేరు అరబ్బీలో ఉందండీ. నాకూ ఆ నర్సుకీ అంకెల వరకే వచ్చండి. నంబరు రాసుకొచ్చేను. చదవమంటారా?”

చదివాడు. నాన్న పెదవులు కదుపుతూ విన్నారు. మొదటి అంకెలన్నీ వస్తుంటే ఆయన మొహం పాలిపోయింది. ఆఖరి వైపుకి వచ్చేసరికి ఉన్నట్టుండి చెయ్యెత్తారు.

“కాదండీ. కాదు. ఆఖర్న రెండంకెలు తేడా. మా అమ్మాయి కాదండి.”

“సరిగ్గా చూసుకున్నారాండీ?”

“ఆయ్. మా అమ్మాయి నంబరు నేనే రాసుకున్నాను, కూడి చూసుకున్నాను. ఆవిడెవరో మా అమ్మాయి కాదు.”

అతను సరేనండీ అని పెట్టేశాడు. అమ్మ లేచి దేవుడి దగ్గర కొబ్బరికాయ కొట్టింది. నాన్న చాలా రోజుల తర్వాత రెండోసారి పప్పు వడ్డించమన్నారు. నేనూ తిన్నాను. ఎవరో పరాయి ఆడమనిషి దిక్కులేకుండా పడుందని విని మా ఇల్లు పండగ చేసుకుంది. ఆవిడ కన్నవాళ్ళు ఎవరో పాపం అని అమ్మ ఒకటికి రెండుసార్లు అంది. అంటూనే నాకు పెరుగు వేసింది.

మళ్ళీ వెతుకులాట. అప్పటికి ఒక వెబ్‌సైటు తెలిసింది, నంబరు కొడితే మనిషి అక్కడ ఉన్నదీ లేనిదీ చూపిస్తుందని. స్కూల్లో ఖాళీ పీరియడులో స్టాఫ్ రూము కంప్యూటర్ ముందు కూర్చుని కొట్టాను. ‘సరైన నంబరు కాదు’ అని వచ్చింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే. లేచి వెళ్ళిపోబోయి ఆగాను. ఆ పేజీ వెతకలేదు. వెతికితే కాసేపు తిరగాలి కదా? నేను ఆఖరి అంకె నొక్కీ నొక్కగానే కాదంది. ఎవరినీ అడక్కుండా, ఏ జాబితా చూడకుండా ఈ సంఖ్య తప్పని దానికి ఎలా తెలుసు?

లెక్కల టీచరుని కనక తట్టింది, లేకపోతే ఇంకెన్నాళ్ళు పట్టేదో. ఆఖరి అంకెని ఒకటొకటిగా మార్చుతూ పోయాను. అన్నిటికీ కాదు కాదు అంటూనే ఉంది, ఒక్కదానికి మాత్రం కిమ్మనలేదు, ‘వివరాలు లేవు’ అంది. అంటే మిగిలిన పదకొండంకెలనీ బట్టి ఆఖరిది ఏమై ఉండాలో ముందే తేలిపోయి ఉంది. సంఖ్య తనకి తానే కాపలా అన్నమాట. ఆ సాయంత్రం ఫోన్లో వెతికితే సూత్రం దొరికింది. ఒక్కో స్థానానికి ఒక్కో బరువు. అంకెని దాని స్థానం బరువుతో హెచ్చవేసి, అన్నీ కూడి, పదకొండుతో భాగించి, శేషాన్ని పదకొండులోంచి తీసేస్తే ఆఖరి అంకె రావాలి. వేసి చూశాను. నాన్న నంబరుకి రాలేదు. పక్కన వేరే కాగితం మీద మళ్ళీ వేశాను. రాలేదు.

ఆ దేశంలో ఆ నంబరు ఎవరికీ ఇవ్వలేదు. ఇవ్వడం కుదరదు. ఇన్ని నెలలూ మేం ఆఫీసుల చుట్టూ తిరిగింది పుట్టని మనిషి కోసం.

మరి ఆరు ఎలా వచ్చింది? అక్క కూడితే ఆరు, నాన్న కూడితే ఆరు. ఆ ప్రశ్నకి జవాబు నేను ఎనిమిదో తరగతి పిల్లలకి ఏటా చెబుతాను. నలభై ఏడు తీసుకోండి, డెబ్భై నాలుగు తీసుకోండి. రెండిటి అంకెల మొత్తమూ ఒకటే. రెండిటికీ తేడా ఇరవై ఏడు, అంటే మూడు తొమ్మిదులు. ఎంత పెద్ద సంఖ్యలోనైనా ఏ రెండంకెలు చోటు మార్చుకున్నా వచ్చే తేడా తొమ్మిదుల లెక్కే. తొమ్మిదులు తీసేస్తే ఆ తేడా కూడా వాటితోపాటే పోతుంది. పదకొండు దగ్గర ఆ ఆట సాగదు. అది ప్రధాన సంఖ్య, పైగా పక్కపక్క స్థానాల బరువులు వేరు. రెండు వేర్వేరు అంకెలు చోటు మారితే శేషం మారి తీరాల్సిందే.

రెండంకెలు. ఆఖర్న రెండంకెలు తేడా.

ఆ ఆదివారం నాన్న చెయ్యెత్తి అన్న మాట అది.

నంబరులో మొదటిది శతాబ్దానికి గుర్తు, తర్వాత ఆరంకెలు పుట్టిన తేదీ. నాన్న రాసుకున్నదాంట్లో అక్క పుట్టినరోజు సరిగ్గానే ఉంది. తప్పు మిగిలిన అయిదంకెల్లో ఉండాలి. పక్కపక్కనున్న జతలు నాలుగు. ఒక్కో జతనీ తిప్పి చూశాను. మూడు కుదరలేదు, ఒకటి కుదిరింది. దాన్ని వెబ్‌సైటులో కొడితే ఈసారి కాదనలేదు కానీ, జవాబూ రాలేదు, పేజీ అలా తిరుగుతూనే ఉండిపోయింది. జీవితంలో ఎన్నో లెక్కలు చేశాను కానీ తప్పు కావాలని మొక్కుకుంటూ చేసింది అదొక్కటే. ఇది ఒప్పయితే కట్లతో స్పృహ లేకుండా పడున్నది మా అక్క. తప్పయితే అక్క ఎక్కడా లేదు. రెండిట్లో ఏది మేలో తేల్చుకోలేక వంటింట్లో అమ్మ పోపు వేస్తున్న చప్పుడు వింటూ కూర్చున్నాను.

ముందు నాన్నకి చెప్పాను, పెరట్లోకి పిలిచి. కొత్త నంబరు చూపించాను. ఆయన వేళ్ళ మీద కూడారు. ఆరు వచ్చింది. పాతది కూడారు. ఆరే.

“రెండూ ఒకటే వస్తున్నాయేంటమ్మా?”

“వస్తాయి నాన్నా. ఏ అంకెలున్నాయో తొమ్మిది చూస్తుంది. ఏ వరసలో ఉన్నాయో దానికి కనబడదు.”

“ఇద్దరం కూడుకున్నాం కదే. అదీ చెప్పింది, నేనూ చెప్పేను.”

“కూడితే తెలీదంటున్నాను కదా!” అని అరిచాను. నా జన్మలో ఆయన మీద అరిచింది అప్పుడే. “ఆ ఆస్పత్రిలో ఉన్నది ఈ నంబరేనేమో నాన్నా. మనం కాదన్నాం.”

ఆయన దింపిన కొబ్బరికాయల కుప్ప మీద కూర్చుండిపోయారు. నాకు ఆయన మీద కోపం, జాలి రెండూ ఒకేసారి వచ్చాయి, ఏదీ నిలబడలేదు. ఫోను చేశాను.

డ్రైవరు వెంటనే తీశాడు. “ఆ అంకెలు ఇప్పుడు నా దగ్గర లేవండి. ఐసీయూలోంచి వార్డుకి మార్చేరండి ఆవిడని. శుక్రవారం సెలవు. వెళ్ళి చేతికున్న పట్టీ చూసి చెబుతానండి.”

“ఇవాళ కుదరదా బాబూ?”

“యజమాని వదలడండి. క్షమించాలి.” ఆవిడకి ఎలా ఉందని అడిగేలోపే వెనక ఎవరో కేకేశారు, పెట్టేశాడు, మళ్ళీ చేస్తే తియ్యలేదు.

శుక్రవారానికి మధ్యలో ఉన్న ఆ కొంచెం రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. వార్డుకి మార్చారంటే తేరుకుందని నాన్న. తేరుకుంటే ఫోన్ చెయ్యదా, మన నంబరు దానికి నోటికొచ్చు కదా అని నేను. చెయ్యలేదంటే అక్క కాదన్నమాట. లేదా మాట్లాడలేని స్థితిలో ఉందన్నమాట. లెక్క మీద లెక్క వేసుకుంటూ, వేసినదాన్ని కొట్టేసుకుంటూ ఇద్దరం ఇంట్లో దొంగల్లా తిరిగాం. అమ్మకి చెప్పలేదు. ఆవిడకి ఏదో తెలిసిపోయింది, అడగలేదు. గురువారం స్కూల్లో బోర్డు మీద వేసిన లెక్క తప్పు పోయింది, పిల్లలు సరిదిద్దారు.

శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. స్పీకరులో పెట్టి, ముగ్గురం చాప మీద కూర్చున్నాం. డ్రైవరు పట్టీ మీది అంకెలు చదివాడు. నేను నా కాగితం మీద వేలు పెట్టి వెంట వెళ్ళాను. పన్నెండూ కలిశాయి.

“మా అమ్మాయేనండి,” అన్నారు నాన్న.

“అయ్యో, ఎంత పనైందండీ,” అన్నాడు అతను. “ఆవిడకి తెలివొచ్చి చాలా రోజులైందండి. మాట కొంచెం ముద్దగా వస్తుంది కానీ మనుషుల్ని పోల్చుకుంటుందండి. మీ వాళ్ళెవరమ్మా అంటే ఎవరూ లేరందండి. ఫోన్ చేస్తానంటే వద్దందండి. ఎందుకో నాకిప్పుడు తెలుస్తుంది.”

“ఎందుకు బాబూ?” అంది అమ్మ.

“తెలివొచ్చిన రోజున నేనే చెప్పేనండమ్మా. రాజోలు దగ్గర ఒకళ్ళకి ఫోన్ చేసేను, నీ నంబరు చదివితే మా అమ్మాయి కాదన్నారు అని. ఇంకెవరైనా ఉన్నారేమో చెబుతుందని అన్నానండి. విని అటు తిరిగి పడుకుందండి. మీరేనని నాకేం తెలుసండి?”

నాన్న రెండు చేతులూ నేల మీద ఆనించి ఉన్నారు. అమ్మ ఆయన వంక చూడలేదు. ఫోను ఒకసారి దాని చెవి దగ్గర పెట్టవయ్యా అని డ్రైవరుతో అంది. చప్పుళ్ళు, అరబ్బీలో ఎవరిదో మైకు, మంచం కిర్రుమనడం. తర్వాత ఊపిరి వినబడింది.

నాన్న ఫోను అమ్మ వైపు జరిపారు. అమ్మ అక్క పేరు పిలిచి ఏడుపులో పడిపోయింది. ఫోను నేను తీసుకున్నాను. అన్నీ చెప్పెయ్యాలనుకున్నాను. కాదన్నది నిన్ను కాదే, ఒక తప్పు నంబరు పక్కన నిన్ను పెట్టి చూశారు, తొమ్మిదికి వరస తెలీదు, పదకొండుకి తెలుసు, నేను కనుక్కున్నాను అని. తలకి దెబ్బ తగిలి, అన్నాళ్ళు గోడ వైపు తిరిగి పడుకున్న మనిషికి ఇవన్నీ ఎలా చెబుతాం?

“ఎప్పుడొస్తావే అక్కా?” అన్నాను.

మాటలు ఒకదానికొకటి అతుక్కుపోతుండగా, అక్క అడిగింది.

“రమ్మంటారా?”